బొమ్మ ఎలక్ట్రిక్ కారుతో హైస్కూల్ ఫిజిక్స్: తయారీ నుంచి కొలతల దాకా 8 పీరియడ్ల ప్రణాళిక

తొమ్మిది, పది తరగతుల ఫిజిక్స్‌లో చలనం, బలం, పని, సామర్థ్యం, విద్యుత్ ప్రవాహం, మోటార్ వేర్వేరు పాఠాలుగా వస్తాయి. బ్యాటరీతో నడిచే చిన్న బండి ఒక్కటి చేతిలో ఉంటే వీటన్నిటినీ దాని మీదే కొలవొచ్చు. చాలా బడుల్లో ఈ ప్రాజెక్టు ఒకేచోట చెడిపోతుంది. బండి కట్టడానికి నాలుగైదు పీరియడ్లు పోతాయి, ఆఖరి రోజు పందెం పెడతారు, ఏమీ కొలవకుండానే ముగిసిపోతుంది. అందుకే ఇక్కడ ప్రణాళికను తిరగేసి రాశాం: తయారీకి 2 పీరియడ్లు, కొలతలకు 6. ఒక్కో పీరియడ్ 45 నిమిషాలు, తరగతిలో 40 మంది, నలుగురేసి 10 బృందాలు అనుకుని లెక్కలు వేశాం.

## 1. ఏ బండి కట్టాలో ముందే తేల్చుకోండి

బజారులో రోబో కిట్ అని అమ్మేది రెండు మోటార్ల బండి. చూడటానికి బాగుంటుంది గానీ కొలతలకు పనికిరాదు. ఏ రెండు మోటార్లూ సరిగ్గా ఒకే వేగంతో తిరగవు, బండి పక్కకు లాగేస్తుంది. పీరియడంతా దాన్ని దారిలో పెట్టడానికే సరిపోతుంది.

దానికి బదులు రెండు వైపులా షాఫ్ట్ బయటికి వచ్చే పసుపు రంగు బీవో (బ్యాటరీ ఆపరేటెడ్) గేర్ మోటార్ ఒక్కటి తీసుకోండి. రెండు వెనక చక్రాలూ ఒకే షాఫ్ట్ మీద ఉంటాయి కాబట్టి ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ తిరిగే ప్రశ్నే రాదు. బండి తిన్నగా పోతుంది. మలుపు తిరగదు, మనకు ఆ అవసరమూ లేదు. గేర్ నిష్పత్తి 1:48, 6 వోల్టుల దగ్గర నిమిషానికి సుమారు 150 చుట్లు తిరిగేది అడగండి. 300 చుట్లది కొంటే బండి ట్రాక్ దాటి గోడకు కొట్టుకునేలోపు పిల్లలు స్టాప్‌వాచ్ నొక్కలేరు.

## 2. సామాను

ఒక్కో బండికి:

- బీవో మోటార్ 1: రెండు వైపులా షాఫ్ట్ ఉన్నది
- దానికి సరిపోయే 65 మి.మీ. వ్యాసపు రబ్బరు టైరు చక్రాలు 2
- 5 మి.మీ. మందం సన్‌బోర్డు: 20 × 9 సెం.మీ. ముక్క (ఫ్లెక్సీ బోర్డులు చేసే షాపుల్లో తుక్కు ముక్కలు ఊరికే ఇస్తారు)
- సైకిల్ స్పోక్ 1: 12 సెం.మీ. పొడవుకు కోసినది
- స్పోక్ వదులుగా తిరిగే స్ట్రా: 9 సెం.మీ.
- వాటర్ బాటిల్ మూతలు 2: ముందు చక్రాలకు
- రెండు సెల్స్ పట్టే హోల్డర్లు 2, ఏఏ సైజు సెల్స్ 4
- చిన్న స్లైడ్ స్విచ్ 1, మెత్తటి తీగ 40 సెం.మీ., జిప్ టైలు 6

నాలుగు సెల్స్ పట్టే హోల్డర్ ఒక్కటి కాకుండా రెండేసి పట్టేవి రెండు ఎందుకంటే, తర్వాత 3 వోల్టులతో ఒకసారి, 6 వోల్టులతో ఒకసారి నడపాలి. హోల్డర్‌లో ఖాళీగా ఉన్న చోట అల్యూమినియం రేకు చుట్టి పెట్టే చిట్కా పిల్లలకు నేర్పకండి. అది ఎప్పుడో ఒకప్పుడు షార్ట్ అవుతుంది.

తరగతి మొత్తానికి: మల్టీమీటర్లు 3, 5 న్యూటన్ల స్ప్రింగ్ త్రాసు 1, కొలత టేపు, కటింగ్ ప్లయర్, కట్టర్, దబ్బనం, వంటింటి డిజిటల్ త్రాసు, వీడియో తీయడానికి ఫోన్లు 2, 9 వోల్టుల చదరం బ్యాటరీ 1, ఎర్ర ఎల్‌ఈడీ 1, 220 ఓముల నిరోధకం 1.

బండికి సుమారు 250–300 రూపాయలు అవుతుంది. హైదరాబాద్ వాళ్ళకు కోఠి గుజరాతీ గల్లీలో ఇవన్నీ ఒక్కచోటే దొరుకుతాయి, మిగతావాళ్ళు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. పది బండ్లకు మోటార్లు మాత్రం పన్నెండు కొనండి. ఎందుకో 4వ భాగంలో తెలుస్తుంది. అటల్ టింకరింగ్ ల్యాబ్ (పిల్లలు వస్తువులు తయారుచేసి నేర్చుకునే ప్రభుత్వ పథకపు ప్రయోగశాల) ఉన్న బడి అయితే కొనేముందు ఆ బీరువా తెరిచి చూడండి, మోటార్లు అందులోనే ఉండొచ్చు.

వాడకూడనివి: పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల నుంచి తీసిన లిథియం సెల్స్. షార్ట్ అయితే అవి మంటలు లేపుతాయి. ఏఏ సెల్ షార్ట్ అయితే వేడెక్కుతుంది, పిల్లవాడు వదిలేస్తాడు. హైస్కూల్ బల్ల మీద ఆ తేడా చాలా పెద్దది.

## 3. మొదటి పీరియడ్‌కు ముందు టీచర్ చేసుకోవాల్సినవి

- మోటార్లన్నిటినీ 6 వోల్టులతో ఒక్కో నిమిషం నడిపి చూడండి. గరగరమనేవీ, ఆగి ఆగి తిరిగేవీ పక్కన పెట్టండి.
- మోటార్ రాగి రేకులకు తీగలు మీరే సోల్డర్ చేయండి. ఆ రేకులు కాగితమంత పలచన.
- బాటిల్ మూతల మధ్యలో వేడి దబ్బనంతో రంధ్రం చేయండి. రంధ్రం స్పోక్ కంటే కాస్త బిగుతుగానే ఉండాలి.
- మల్టీమీటర్‌లో 200 మిల్లీ ఆంపియర్ల ఫ్యూజు బాగుందో లేదో చూడండి. బడి మీటర్లలో సగానికి సగం ఆ ఫ్యూజు పోయే ఉంటుంది.
- ఒక బండిని మీరు ముందుగా కట్టి, నడిపి, కొలిచి పెట్టుకోండి. ఇది దాటేయకండి.
- మోటార్ లేని బండి ఒకటి చేయండి: ముందూ వెనకా స్ట్రా, స్పోక్, బాటిల్ మూతలే. ఇది 11వ భాగానికి కావాలి.

## 4. తయారీ (పీరియడ్ 1, 2)

4.1 బోర్డు కోయడం. 20 సెం.మీ. పొడవు ముక్కలో ఒక చివర వెనక అనుకోండి. ఆ చివర మధ్యలో 2 సెం.మీ. వెడల్పు తోక మిగిలేలా రెండు పక్కలా 6.5 × 3.5 సెం.మీ. ముక్కలు కోసేయండి. వెనక చక్రాలు ఆ ఖాళీల్లో తిరుగుతాయి. కట్టర్ ఒక్కసారే గట్టిగా లాగితే సన్‌బోర్డు చిరుగుతుంది. స్కేలు ఆనించి మూడు సార్లు తేలిగ్గా గీయించండి.

4.2 మోటార్ బిగించడం. మోటార్ బోర్డు మీదే కూర్చోవాలి, కింద కాదు. షాఫ్ట్ తోక చివరి నుంచి 2 సెం.మీ. దూరంలో, మోటార్ డబ్బా ముందు వైపుకు ఉండాలి. మీద పెడితే బోర్డు అడుగు నేలకు 16 మి.మీ. ఎత్తులో వస్తుంది. ముందు బాటిల్ మూతలు ఇచ్చే ఎత్తూ దాదాపు అంతే, కాబట్టి బండి సమంగా నిలుస్తుంది. కింద బిగిస్తే ముక్కు నేలకు పొడుచుకుని నిలబడుతుంది.

రెండు జిప్ టైలతో కట్టండి. హాట్ గ్లూ వద్దు: వేడి జిగురు సన్‌బోర్డును కరిగిస్తుంది, గేర్‌బాక్స్ సందులోకి జారితే మోటార్ ఇక తిరగదు.

4.3 తీగలకు ఊతం. మోటార్ తీగలు రెండిటినీ ఇంకో జిప్ టైతో మోటార్ ఒంటికే కట్టేయండి. ఇది చేయకపోతే ఎవరో ఒకరు బండిని తీగ పట్టుకుని ఎత్తుతారు, రాగి రేకు విరిగి చేతిలోకి వస్తుంది. ఆ మోటార్ ఇక పనికిరాదు. పన్నెండు కొనమన్నది ఇందుకే.

4.4 ముందు ఇరుసు. ముందు చివరి నుంచి 3 సెం.మీ. దగ్గర బోర్డు అడుగున స్ట్రాను టేపుతో అంటించాలి. తయారీ మొత్తంలో ఎక్కువ సమయం ఇవ్వాల్సింది ఇక్కడే. మూలమట్టం పెట్టి, బోర్డు అంచుకు సరిగ్గా 90 డిగ్రీల గీత గీయించి, ఆ గీత మీదే స్ట్రా అంటించండి.

ఎంత తేడా వస్తే ఎంత నష్టమో లెక్క చూడండి. ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 15 సెం.మీ. స్ట్రా రెండు చివరలకూ 9 సెం.మీ. మీద 3 మి.మీ. తేడా వచ్చిందనుకుందాం, అంటే 30కి 1 వాలు. బండి 15 × 30 = 450 సెం.మీ. వ్యాసార్ధం ఉన్న వృత్తంలో తిరగడం మొదలుపెడుతుంది. 3 మీటర్లు పోయేసరికి దాదాపు ఒక మీటరు పక్కకు జరిగి ఉంటుంది. ఈ లెక్క బోర్డు మీద వేసి చూపిస్తే పిల్లలు స్ట్రా ఎంత జాగ్రత్తగా అంటిస్తారో మీరే చూస్తారు.

4.5 చక్రాలు. వెనక చక్రం రంధ్రంలోని చదునైన అంచులు షాఫ్ట్ చదును అంచులతో కలిశాక అరచేత్తో నొక్కండి. సుత్తి వద్దు. ముందు మూతకూ స్ట్రా చివరకూ మధ్య 1–2 మి.మీ. సందు ఉండాలి. పూర్తిగా ఆనించేస్తే రాసుకుంటుంది.

4.6 వైరింగ్. రెండు హోల్డర్లు, స్విచ్, మోటార్ అన్నీ శ్రేణిలో. సెల్స్ ఆఖరున పెట్టాలి. బండి వెనక్కి పోతే మోటార్ తీగలు తారుమారు చేయండి. ఎందుకు దిశ మారిందో అప్పుడే చెప్పేయకండి, పదో తరగతి మోటార్ పాఠంలో కమ్యుటేటర్ (తిరిగే చుట్టలో ప్రవాహ దిశను మార్చే భాగం) దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

రెండో పీరియడ్ గంట కొట్టేలోపు ప్రతి బండికీ ఇవి సరిచూడండి:

- నాలుగు చక్రాలూ నేలకు ఆనుతున్నాయి
- ముందు చక్రాలను వేలితో తిప్పితే కనీసం మూడు చుట్లు తిరుగుతున్నాయి
- 3 మీటర్లలో 30 సెం.మీ. కంటే పక్కకు పోవడం లేదు
- బరువు తూచి, బండి మీదే స్కెచ్‌తో రాశారు (సుమారు 250–300 గ్రాములు వస్తుంది)

ఇంకో మాట. స్క్రూడ్రైవర్ అబ్బాయిల చేతికీ, నోట్‌బుక్ అమ్మాయిల చేతికీ పోయే అలవాటు తరగతిలో దానంతటదే వచ్చేస్తుంది. బిగించడం, వైరింగ్, కొలవడం, రాయడం: ఈ నాలుగు పనులనూ పీరియడ్ పీరియడ్‌కూ మార్చండి.

## 5. ట్రాక్ వేయడం

వరండాలో 4.5 మీటర్ల జాగా చాలు. మొదటి 50 సెం.మీ. పరుగు అందుకోవడానికి, తర్వాత 3 మీటర్లు కొలతకు, మిగిలింది ఆగడానికి. కొలత భాగంలో ప్రతి 50 సెం.మీ.కు సుద్దముక్కతో అడ్డగీత గీయండి.

పరుగు అందుకునే ఆ 50 సెం.మీ. ముఖ్యం. గీత మీదే నిలబెట్టి స్విచ్ వేస్తే మొదట త్వరణంలో ఉన్న సమయం కూడా కలిసిపోయి వేగం తక్కువ వస్తుంది.

నాపరాళ్ళు పరిచిన వరండా అయితే రాళ్ళ అతుకుల్లో ముందు చక్రాలు ఎగురుతాయి. ఒక వరస రాళ్ళ పొడవునా, అతుకులు తక్కువ తగిలేలా ట్రాక్ వేయండి.

సమయం కొలవడానికి స్టాప్‌వాచ్ కంటే వీడియో నయం. చేతి స్పందన ఆలస్యం సుమారు 0.2 సెకన్లు ఉంటుంది. ఫోన్ వీడియోలో సెకనుకు 30 ఫ్రేములు ఉంటే ఒక్కో ఫ్రేము 0.033 సెకన్లు. ఫోన్‌ను ట్రాక్ మధ్యకు ఎదురుగా, 3 మీటర్ల దూరంలో స్టూలు మీద ఆనించండి, చేత్తో పట్టుకోవద్దు. ఫోన్ సరిగ్గా 30 ఫ్రేములే తీస్తోందో లేదో చూడటానికి ఇంకో ఫోన్‌లో నడుస్తున్న స్టాప్‌వాచ్‌ను ఒకసారి వీడియో తీసి లెక్కపెట్టండి.

## 6. వేగం: ముందు లెక్క, తర్వాత పరుగు (పీరియడ్ 3)

బండి నడవకముందే ప్రతి బృందం ఎంత సమయం పడుతుందో కాగితం మీద రాసి మీకు ఇవ్వాలి. ఈ ఒక్క నియమం పట్టుబట్టి అమలు చేయండి.

లెక్క ఇలా ఉంటుంది. చక్రం చుట్టుకొలత 3.14 × 6.5 = 20.4 సెం.మీ. నిమిషానికి 150 చుట్లంటే సెకనుకు 2.5. వేగం 2.5 × 20.4 = సెకనుకు 51 సెం.మీ. కాబట్టి 3 మీటర్లకు 5.9 సెకన్లు.

పరుగెత్తిస్తే ఆరున్నర సెకన్లో, ఏడో వస్తుంది. ఎందుకు ఎక్కువ పట్టింది? 150 అన్నది చక్రం గాల్లో తిరిగినప్పటి మాట. బరువు మోస్తే మోటార్ నెమ్మదిస్తుంది. దీన్ని పిల్లలే తేల్చుకోగలరు: బండిని ఎత్తి పట్టుకుని చక్రం మీద సుద్ద గుర్తు పెట్టి, 10 సెకన్ల వీడియోలో చుట్లు లెక్కపెట్టమనండి.

ప్రతి పరుగూ మూడుసార్లు, సగటు తీయాలి. ఒక విలువ మిగతా రెండిటికీ పొంతన లేకుండా వస్తే కొట్టేయనివ్వకండి. పక్కన కారణం రాయించండి.

## 7. సెల్స్ పెంచితే వేగం ఎంత పెరుగుతుంది? (పీరియడ్ 3 చివర, 4 మొదట)

ఒక హోల్డర్‌తో ఒకసారి, రెండిటితో ఒకసారి. వోల్టేజీ రెట్టింపు అయింది కాబట్టి వేగమూ రెట్టింపు అవుతుందని దాదాపు అందరూ రాస్తారు. రెట్టింపు కంటే ఎక్కువే వస్తుంది.

గేర్లలో ఘర్షణను గెలవడానికే కొంత వోల్టేజీ ఖర్చవుతుంది. ఆ మేరకు వోల్టేజీ ఉన్నా బండి కదలదు. 3 వోల్టుల్లో ఆ వాటా పెద్దది, 6 వోల్టుల్లో చిన్నది. వోల్టేజీ అడ్డంగా, వేగం నిలువుగా గ్రాఫ్ గీస్తే గీత మూలబిందువు గుండా పోకుండా వోల్టేజీ అక్షాన్ని కాస్త కుడివైపు తాకుతుంది. గీతను బలవంతంగా సున్నా గుండా లాగే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు, కాస్త కనిపెట్టి ఉండండి.

## 8. మోటార్ నిరోధం ఎంత? (పీరియడ్ 4, 5)

మొత్తం ప్రాజెక్టులో ఒక్కటే చేసే సమయం ఉందంటే ఇది చేయండి.

8.1 ప్రవాహం కొలవడం. మల్టీమీటర్ ఎర్ర తీగ 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టి, మీటర్‌ను శ్రేణిలో కలపాలి. 200 మిల్లీ ఆంపియర్ల మెట్టు వాడితే బండి మొదలయ్యే క్షణంలోనే ఫ్యూజు పోతుంది. కొలత కాగానే తీగ తిరిగి వోల్టుల రంధ్రంలోకి మార్చాలి. మరిచిపోయి బ్యాటరీకి అడ్డంగా పెట్టారంటే నేరుగా షార్ట్ చేసినట్టే. దీన్ని బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి ఉంచండి.

బండిని ఇటుక మీద ఎత్తి పెట్టి, టైర్ల మీద వేలు తేలిగ్గా ఆనించి, నేల మీద నడిచినంత బరువు పడేలా చేస్తే కదిలే బండి వెంట మీటర్ పట్టుకుని పరుగెత్తక్కర్లేదు.

నమూనా విలువలు అనుకుందాం: నడుస్తున్నప్పుడు 5.8 వోల్టులు, 0.2 ఆంపియర్లు. ఓమ్ నియమం వేస్తే 5.8 ÷ 0.2 = 29 ఓములు.

8.2 నేరుగా కొలవడం. సెల్స్ తీసేసి, మోటార్ రెండు తీగల మధ్య మల్టీమీటర్‌తో నిరోధం కొలవండి. షాఫ్ట్ కాస్త కాస్త తిప్పుతూ ఐదు చోట్ల కొలిచి సగటు తీయాలి, కమ్యుటేటర్ ఎక్కడ ఆగిందన్న దాన్ని బట్టి విలువ మారుతుంది. మీటర్ తీగల నిరోధాన్ని కూడా రెండు మొనలూ కలిపి చూసి తీసేయండి. 6 ఓములు వచ్చిందనుకుందాం.

ఒకే మోటార్‌కు ఒకసారి 29, ఒకసారి 6. తరగతిని ఇక్కడ ఆపండి. మీటర్ చెడిపోయిందంటారు, లెక్క తప్పంటారు. ఒక పది నిమిషాలు వాదించుకోనివ్వండి.

8.3 చక్రం పట్టుకుని చూడటం. ఇప్పుడు స్విచ్ వేసి చక్రాన్ని చేత్తో గట్టిగా ఆపి ప్రవాహం చూడమనండి. రెండే సెకన్లు, అంతకు మించితే చుట్ట వేడెక్కుతుంది. 0.2 ఉన్నది అమాంతం 0.7 దాటుతుంది.

8.4 వివరణ. తిరిగే మోటార్ అదే సమయంలో జనరేటర్ కూడా. తిరుగుతున్న చుట్టలో బ్యాటరీకి ఎదురుగా విద్యుచ్చాలక బలం, అంటే ఎదురు వోల్టేజీ, పుడుతుంది. 6 ఓముల చుట్టలో 0.2 ఆంపియర్లు పోవడానికి 1.2 వోల్టులు చాలు. మిగతా 4.6 వోల్టులను మోటార్ తానే ఎదురు పుట్టిస్తోంది. చక్రం ఆగితే ఆ ఎదురు ఉండదు, చుట్ట నిరోధం ఒక్కటే మిగులుతుంది, ప్రవాహం ఎగబాకుతుంది. బోరు మోటార్‌లో ఏదైనా ఇరుక్కుని తిరగడం ఆగినప్పుడు చుట్ట కాలిపోయేది ఇందుకే. పల్లె పిల్లలకు ఈ ఉదాహరణ వెంటనే అందుతుంది.

8.5 నిరూపణ. సెల్స్ తీసేసి, మోటార్ తీగలకు ఎర్ర ఎల్‌ఈడీని 220 ఓముల నిరోధకంతో శ్రేణిలో కలపండి. చక్రాన్ని సెకనుకు రెండు చుట్ల వేగంతో చేత్తో తిప్పితే ఎల్‌ఈడీ వెలుగుతుంది. వెలగకపోతే చక్రాన్ని వ్యతిరేక దిశలో తిప్పండి. తర్వాత ఎల్‌ఈడీ తీసేసి, మోటార్ తీగలు రెండూ ఒకదానికొకటి కలిపి చక్రం తిప్పమనండి. ఇప్పుడు చక్రం బరువెక్కినట్టు చేతికే తెలుస్తుంది. పుట్టిన ప్రవాహం తనను పుట్టించిన కదలికనే అడ్డుకుంటుందన్న లెంజ్ నియమం చెప్పడానికి ఇంతకంటే మంచి అదను దొరకదు.

## 9. 9 వోల్టుల బ్యాటరీ ఎందుకు ఓడిపోతుంది? (పీరియడ్ 5)

ఎవరో ఒకరు తప్పకుండా చదరపు 9 వోల్టుల బ్యాటరీ తెస్తారు. వద్దనకండి, కలిపి చూడమనండి. కాసేపు ఉరికి, కొద్ది నిమిషాల్లోనే నీరసిస్తుంది.

ఏఏ సెల్స్‌తో మొదలుపెట్టండి. స్విచ్ వేయకముందు 6.3 వోల్టులు, నడుస్తున్నప్పుడు 5.8 అనుకుంటే తగ్గింది 0.5. ప్రవాహం 0.2. సెల్స్ లోపలి నిరోధం, అంటే అంతర్నిరోధం, 0.5 ÷ 0.2 = 2.5 ఓములు. చక్రం పట్టుకున్నప్పుడు ఎంత రావాలో ముందే చెప్పించండి: 6.3 ÷ (6 + 2.5) = 0.74 ఆంపియర్లు. 8వ భాగంలో మీటర్ చూపించింది దాదాపు ఇదే.

ఇప్పుడు అదే లెక్క 9 వోల్టుల బ్యాటరీకి. దానిలోపల సన్నటి సెల్స్ ఆరు శ్రేణిలో ఉంటాయి, అందుకే అంతర్నిరోధం ఎక్కువ. రీచార్జ్ అయ్యే నికెల్ సెల్స్ ఉంటే వాటినీ కొలవండి. ఒక్కొక్కటి 1.2 వోల్టులే అయినా భారం పడ్డప్పుడు వోల్టేజీ కొద్దిగానే తగ్గుతుంది.

## 10. ఎత్తు ఎక్కించడం: పని, సామర్థ్యం, దక్షత (పీరియడ్ 6)

మీటరు పొడవు పలక ఒక చివర కింద పుస్తకాలు పెట్టి 20 సెం.మీ. ఎత్తు చేయండి. టైర్లు జారితే పలక మీద గరుకు కాగితం అంటించండి.

నమూనా లెక్క:

- బండి ద్రవ్యరాశి 0.28 కిలోలు, ఎత్తు 0.2 మీటర్లు
- చేసిన పని 0.28 × 9.8 × 0.2 = 0.55 జౌళ్ళు
- పట్టిన సమయం 2.8 సెకన్లు, సామర్థ్యం సుమారు 0.2 వాట్లు
- బ్యాటరీ ఇచ్చినది 5.55 వోల్టులు × 0.3 ఆంపియర్లు = 1.67 వాట్లు
- దక్షత 12 శాతం

వందలో ఎనభై ఎనిమిది వంతులు ఎటు పోయాయి? గేర్ల రాపిడి, చుట్ట వేడి, టైర్ల నలుగుడు, చప్పుడు. నాలుగైదు సార్లు ఎక్కించాక మోటార్ డబ్బా మీద వేలు పెట్టి చూస్తే కొంత తెలుస్తుంది. ఒక బృందానికి దక్షత 100 దాటితే దాదాపు ఎప్పుడూ ఒకటే కారణం: గ్రాములను కిలోల్లోకి మార్చలేదు.

## 11. బలం, ఘర్షణ, న్యూటన్ నియమాలు (పీరియడ్ 7)

లాగే బలం. బండి వెనక స్ప్రింగ్ త్రాసు కట్టి, రెండో చివర స్థిరంగా పట్టుకుని నడపండి. చక్రాలు జారడం మొదలైనప్పటి రీడింగ్ రాయండి. తర్వాత వెనక చక్రాల మీద 100 గ్రాముల బరువు పెట్టి మళ్ళీ. అభిలంబ బలం పెరిగితే ఘర్షణ ఎలా పెరుగుతుందో అంకెల్లో కనబడుతుంది. అదే బరువు ముందు చక్రాల మీద పెట్టి చూడమంటే ఇంకా బాగా అర్థమవుతుంది. నాపరాయి, టైలు, గోనెపట్టా మూడిటి మీదా చేయించండి. రీడింగ్ తీసేముందు టైర్లను తడిగుడ్డతో తుడవాలి, సుద్దపొడి అంటితే విలువలు సగానికి పడిపోవచ్చు.

మూడో నియమం. నాలుగైదు గుండ్రటి పెన్సిళ్ళ మీద అట్ట పరిచి, దాని మీద బండి పెట్టి స్విచ్ వేయండి. బండి ముందుకు, అట్ట వెనక్కి. రెండు నిమిషాల పని.

మొదటి, రెండో నియమాలకు మోటార్ బండి వాడకండి. ఇది తరచూ జరిగే పొరపాటు. స్విచ్ ఆపగానే గేర్‌బాక్స్ చక్రాలను బిగపట్టేస్తుంది, బండి టక్కున ఆగుతుంది. జడత్వం గురించి చెప్పబోయి, బలం తీసేస్తే వస్తువు ఆగిపోతుందన్న పాత అపోహనే మనం గట్టి చేసినట్టవుతుంది. త్వరణం కూడా మొదటి కొద్ది సెం.మీ.ల్లోనే అయిపోతుంది. అందుకే మోటార్ లేని బండి. దానికి దారం కట్టి, బల్ల అంచున కప్పీ మీదుగా నట్లు వేలాడదీయండి. నట్లు పెంచుతూ, బండి మీద బరువు పెంచుతూ వీడియోలో కొలిస్తే బలం, ద్రవ్యరాశి, త్వరణం సంబంధం వచ్చేస్తుంది. నట్ల ద్రవ్యరాశిని కూడా మొత్తం ద్రవ్యరాశిలో కలపాలి, అవీ బండితో పాటే కదులుతున్నాయి.

## 12. బండి మొరాయిస్తే

- చప్పుడు వస్తుంది, చక్రం తిరగదు: చక్రం షాఫ్ట్ మీద జారుతోంది లేదా లోపల గేరు పళ్ళు అరిగాయి. మొదటిదైతే చక్రం తీసి మళ్ళీ నొక్కండి, రెండోదైతే మోటార్ మార్చండి.
- చప్పుడే లేదు: ముందు సెల్స్ దిశ, తర్వాత హోల్డర్ స్ప్రింగు తుప్పు, తర్వాత మోటార్ రేకుల దగ్గర తీగ. ఇదే వరసలో వోల్టేజీ చూసుకుంటూ పోతే ఐదు నిమిషాల్లో దొరుకుతుంది.
- నిన్న బాగా నడిచింది, ఇవాళ నీరసం: స్విచ్ ఆపకుండా సంచిలో పెట్టారు.
- ఒక పక్కకు లాగుతుంది: ముందు స్ట్రా. ఎప్పుడూ ముందు స్ట్రానే చూడండి.
- ఎగురుతూ పోతుంది: బాటిల్ మూత రంధ్రం సరిగ్గా మధ్యలో లేదు.
- స్విచ్ వేడెక్కుతోంది: షార్ట్. సెల్స్ వెంటనే తీయించండి.

## 13. మాటల దగ్గర వచ్చే తికమక

ఇంట్లో "కరెంటు పోయింది" అంటాం, "కరెంటు ఎక్కువొస్తోంది" అంటాం. ఒకచోట సరఫరా, ఒకచోట వోల్టేజీ. తరగతిలో కరెంటంటే ఆంపియర్లలో కొలిచేది ఒక్కటే అని మొదటిరోజే తేల్చేయండి. మోటార్‌కు ముందు ఒక మీటర్, తర్వాత ఒక మీటర్ పెట్టి రెండిట్లోనూ ఒకే రీడింగ్ చూపిస్తే, మోటార్ కరెంటును తినేస్తుందన్న అపోహ పోతుంది.

అలాగే శక్తి, సామర్థ్యం. వాడుకలో మోటార్ శక్తి అంటే హార్స్‌పవరే. పుస్తకంలో శక్తి జౌళ్ళలో, సామర్థ్యం వాట్లలో. బరువు, ద్రవ్యరాశి సంగతి చెప్పక్కర్లేదు, 10వ భాగం లెక్కలో దానంతటదే బయటపడుతుంది.

## 14. మార్కులు (పీరియడ్ 8)

ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లో ప్రాజెక్టు పని కింద దీన్ని లెక్కించుకోవచ్చు. ఎవరి బండి ముందు చేరిందన్న దానికి మార్కులు ఇవ్వకండి. మోటార్ బాగున్నవాడు గెలుస్తాడు, అంతే.

ఆఖరి పీరియడ్‌లో ప్రతి బృందానికీ ఒక కొత్త ప్రశ్న ఇవ్వండి: బండి మీద 200 గ్రాములు అదనంగా పెడితే 3 మీటర్లకు ఎంత సమయం పడుతుంది? పది నిమిషాల్లో లెక్కో, గ్రాఫో చూపించి ఒక అంకె చెప్పాలి. తర్వాత ఒకే ఒక్క పరుగు. అంకె ఎంత దగ్గరగా వచ్చింది, తేడాకు కారణం ఏం రాశారు అన్న రెండిటికీ చెరి సగం మార్కులు.

## 15. దాచేముందు

సెల్స్ అన్నీ తీసేయండి. బీరువాలో నెలలపాటు ఉంటే కారి హోల్డర్ స్ప్రింగులను తినేస్తాయి. అయిపోయిన సెల్స్ వేరే డబ్బాలో వేయించండి. వెనక చక్రాలు షాఫ్ట్ మీదే ఉంచండి, ఊడదీసిన కొద్దీ వదులవుతాయి. బండ్లను వెల్లకిలా పేర్చండి, టైర్లు నొక్కుకుపోకుండా ఉంటాయి. ఒక్కో బండి మీద ద్రవ్యరాశి, మోటార్ నిరోధం, 6 వోల్టుల వేగం రాసిన చీటీ అంటించి పెడితే వచ్చే ఏడు తొమ్మిదో తరగతికి నేరుగా 6వ భాగం నుంచి మొదలుపెట్టొచ్చు.